కొలత తీసుకోని మనిషి

అమ్మా, ఇక్కడ నాన్నా నేనూ క్షేమమే, ముందే చెబుతున్నాను, కంగారుపడకు. మన కొట్టులో బట్టలు కుడుతున్నారని రాశానే, ఆ పొడుగాయన నిన్న ఆసుపత్రిలో జ్వరంతో పోయారు. నువ్వు ఆయన్ని చూడనేలేదు. నువ్వు అమ్మమ్మ దగ్గరికి వెళ్లాక, చెయ్యి వణికి సూదిలో దారం కూడా ఎక్కించలేక నాన్న కొట్టు మూసేద్దామనుకున్న రోజున, ఆయన బొత్తాం కుట్టించుకోవడానికి వచ్చారు. "లెండి, నేనే కుట్టుకుంటా" అని మిషను ముందు కూర్చుని, సగంలో ఆగిన జాకెట్టు కూడా పూర్తిచేశారు. ఆనాటి నుంచి మన పొయ్యి ఆరకుండా చూసింది ఆయనే. పేరడిగితే "బొత్తాం ఊడితే ఎలాగూ పిలుస్తారు, పేరెందుకమ్మాయ్" అనేవారు.

ఆసుపత్రిలో "మీకేమవుతారు?" అని అడిగితే నాన్న తడుముకోకుండా "తమ్ముడు" అన్నారు. సాగనంపడానికి కొత్త చొక్కా కుడదామంటే ఆయన కొలతలు మన దగ్గర లేవు. "ఊరందరికీ టేపు పట్టాం, పక్కన కూర్చున్నవాడికి పట్టలేదే" అంటూ నాన్న ఆ వణికే చేత్తోనే ఆయన్ని కొలిచారు. కుట్టింది నేను. చొక్కా చేతులు రెండూ పొట్టివయ్యాయి.

ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లడం లేదు, తిట్టకు. ఇక మిషను మీద నేను కూర్చోకపోతే కొట్టు నిలవదు. అమ్మమ్మ దగ్గు తగ్గిందా? నీ చిన్న కత్తెర అక్కడుంటే పంపు, ఇక్కడిది నా చేతికి బరువు. అమ్మమ్మకు నా నమస్కారాలు. నాన్నకు విడిగా ఓ ముక్క రాయి. నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు, నా మాట వినడం లేదు.

నీ చిన్నది