ఇక్కడా గుండ్లేరే

అన్నయ్యకు, వదినకు చెల్లెలు పీరమ్మ నమస్కారాలు. అమ్మ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? పిల్లలు బడికి పోతున్నారా, బడి పేరు చెప్పి మేకల వెంట పోతున్నారా? ఇక్కడ నేనూ మీ బావా బాగున్నాం. ఒకసారి రాస్తే నువ్వు నమ్మవని మళ్లీ రాస్తున్నాను, బాగున్నాం. నాకు నాలుగో నెల. అమ్మకు ఈ ముక్క రెండుసార్లు చదివి వినిపించు. వాంతులు తగ్గాయి, అన్నం సయిస్తోంది, ఎవరూ కంగారు పడనక్కర్లేదు.

పోయినసారి కార్డు కింద గుండ్లేరు అని రాస్తే, "పిచ్చిదానా, మన ఊరి పేరు రాశావేం? నువ్వున్న ఊరి పేరు రాయి" అని జవాబిచ్చావు. నేను రాసింది నేనున్న ఊరి పేరే అన్నయ్యా! నువ్వు నల్లపాడులో మా ఉత్తరాలు దించుకునే కొట్టు చిరునామాకి పంపావు గనక నీ జవాబు నాకు చేరింది. లేకపోతే మన ఊళ్లోనే నీ గుమ్మం ముందుకు తిరిగొచ్చి ఉండేది.

దొనకొండలో నువ్వు రైలెక్కించాక నల్లపాడులో దిగి పత్తి బండి ఎక్కాం. ఒక రైతు పరుపులు కుట్టడానికి పిలిచాడని, పత్తి దిగినన్నాళ్లూ దూది ఏకే పని ఉంటుందని మీ బావ చెప్పాడే గానీ ఊరి పేరు చెప్పలేదు. బండి దిగి ఇది ఏ ఊరని అడిగితే, బండాయన గుండ్లేరన్నాడు. నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. ఆ వాగు పేరేమిటంటే అదీ గుండ్లేరేనట. మీ బావ నవ్వి, "చూశావా, నిన్ను కాపురానికని చెప్పి పుట్టింటికే తెచ్చా" అన్నాడు.

పేరు తప్ప ఏదీ మనది కాదు. అంతా నల్లరేగడి. వాన పడితే కాలు తీసి కాలు వేయలేం, ఎండితే కాలు దూరేంత నెర్రెలు. ఊరి చుట్టూ మిరపకాయలు ఎండబోశారు. తుమ్మీ తుమ్మీ నాకు ముక్కు ఊడొస్తుందనిపించింది. ఇక్కడి వాళ్లు ఆ ఘాటులోనే హాయిగా నిద్రపోతారు. పండుమిరప పచ్చడి నాకూ అలవాటైంది గానీ సజ్జరొట్టె మీదికి మనసు పోతోంది. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని సజ్జలు పంపు. పగలంతా మీ బావ పనిలో ఉంటే ఒక్కదాన్నే ఇంట్లో కూర్చోలేక నాలో నేనే మాట్లాడుకుంటున్నాను. నా నోరు నీకు తెలుసుగా, మూత పడదు.

నన్ను తొలిచేసింది ఒకటే. మన ఏటికి ఆ పేరు ఎందుకొచ్చిందో చిన్నపిల్లలకైనా తెలుసు, ఏరంతా గుండ్లే గదా. ఇక్కడ ఏట్లో ఇసక, ఒడ్డున నల్లమట్టి. కాకిని తోలాలన్నా ఈ ఊరి పిల్లలకు మట్టిబెడ్డే దిక్కు. మరి గుండ్లేరని ఎవరు పెట్టారు? కనపడిన వాళ్లందర్నీ అడిగాను. పూర్వం గుండ్లుండేవి, అరిగి ఇసకయ్యాయన్నారు కరణంగారు. ఎవరో దొరలు ఫిరంగి గుండ్లు పారేసి పోయారన్నాడు బట్టలు కుట్టే ఆయన. మా రైతయితే, "పేరన్నాక ఉండాలి గదమ్మా, ఉంది" అని తేల్చేశాడు. మీ బావకు మాత్రం కోపం వచ్చింది. "పేరుతో నీకేం పని? పేరు తాగుతామా? ముందు నీళ్ల సంగతి చూడు" అన్నాడు.

ఆయన కోపానికి కారణం ఉంది. ఊళ్లో బావులన్నీ ఉప్పునీళ్లు, పప్పు కూడా ఉడకదు. మంచినీళ్లు కావాలంటే ఏట్లో ఇసక తవ్వి చెలమ తీసుకోవాల్సిందే. ఆ చెలమలు ఇంటికొకటి, తాతల నాటి నుంచి ఎవరి చోటు వాళ్లది. కొత్తవాళ్లకు చోటు లేదు. మా ఎదురింటి సీతమ్మగారు దయతలచి, అందరి నీళ్లూ అయ్యాక తన చిప్పతో ముంచి పైనుంచి నా బిందెలో పోసేది. వేసవి వస్తే అదీ ఉండదని ముందే చెప్పింది. చెలమ దొరక్కపోతే గుంటూరు పోయి జిన్నింగు మిల్లులో చేరదామంటాడు మీ బావ. ఆ మిల్లు కూలీల పాకలు నేను చూశాను. పత్తి దుమ్ములో దగ్గుతూ, మనిషి మీద మనిషి పడుకుంటారు. అక్కడ బిడ్డను కనడం నాకు ఇష్టం లేదు. ఆయనతో పోట్లాడాను, ఏడ్చాను కూడా. నీళ్లు లేని చోట ఉండి ఏం చేస్తామని ఆయనది ఒకటే మాట.

ఇంతలో నేనే చేజేతులా ఉన్నదీ పోగొట్టుకోబోయాను. ఒకరోజు సీతమ్మగారి పిల్లవాడికి జ్వరం వచ్చి, "ఇయ్యాల్టికి నువ్వే ముంచుకో పో" అంది. వెళ్లాను. మన దగ్గర చేసినట్టే నా బిందె నిండాక అడుగు నీళ్లు తోడేసి, చుట్టూ ఇసక సర్ది, చెలమ తెరిచే ఉంచి, పక్కన చిప్ప పెట్టి వచ్చాను. దారినపోయే వాళ్లు దప్పిక తీర్చుకోవాలి గదా. తెల్లారి చూస్తే గేదెలు దిగి తొక్కి చెలమంతా బురద చేశాయి. ఇక్కడ నీళ్లు ముంచుకున్నాక చెలమను తుమ్మకంపతో కప్పి మరీ పోతారట! నాకెవరు చెప్పారు?

సీతమ్మగారు వీధిలోకి వచ్చి అరిచింది. "పోనీలే పాపం అని నీళ్లు పోస్తే నా చెలమ నాశనం చేస్తావా? ఇంకోసారి ఏట్లో దిగావంటే చూడు!" ఇళ్లలో వాళ్లంతా బయటికి వచ్చారు. మీ బావ తల దించుకుని, సామాను సర్దమన్నాడు.

అప్పుడు సీతమ్మగారి అత్త రత్తమ్మగారు కర్ర పట్టుకుని వచ్చింది. ఊళ్లో అందరికంటే పెద్దది, పుట్టిల్లూ ఈ ఊరేనట, చూపు కొంచెం తక్కువ, గొంతు మాత్రం బాగా ఎక్కువ.

"ఏమే పిల్లా, చెలమ ఎందుకు తెరిచిపెట్టావే?"

"మా గుండ్లేట్లో ఎప్పుడూ తెరిచే ఉంచుతామండీ" అన్నాను ఏడుస్తూ. "వచ్చేపోయే వాళ్లు తాగుతారని."

"ఏ గుండ్లేరు?"

"మాది. పడమట, పొదిలి అవతల. ఏరూ గుండ్లేరే, ఊరూ గుండ్లేరే."

ఆమె మా అరుగు మీద కూర్చుంది. కోడలు ఇంకా అరుస్తుంటే కర్ర ఎత్తి ఆపమంది. మెల్లగా అంది. "మా నాయనమ్మ అట్టాగే తెరిచిపెట్టేదే. మాయమ్మ రోజూ తిట్టేది, ముసల్ది చెలమ చెడగొడతందని."

నా నోరు ఊరుకోదు గదా. "మీ నాయనమ్మగారిది ఏ ఊరండీ?" అన్నాను.

"ఎప్పుడడిగినా గుండ్లేరే అనేది. ఈ ఊరేననుకున్నాం." కర్రతో పడమటికి చూపించింది. "పొద్దుగూకే ఏళకి గుమ్మంలో కూచోని పడమటికి చూస్తా, గుండ్లేరు, గుండ్లేరు అంటా ఏడిచేది. ఏరు తూర్పునుంటే ముసల్ది పడమటికి చూస్తదేందని మేం పిల్లలం నవ్వేవాళ్లం. మతి పోయిందనుకున్నామే." కళ్లు తుడుచుకుంది. "మతి పోలా. మాకే తెలవలా."

 సీతమ్మగారు అరవడం మరిచిపోయి అత్త పక్కకొచ్చి నిలబడింది అన్నయ్యా.  మన దగ్గర నుంచి ఏదో కరువులో కొందరు ఇటు వచ్చి ఉంటారా? వచ్చి ఈ పేరులేని వాగుకి మన ఏటి పేరు పెట్టుకున్నారా? ఏట్లో ఒక్క గుండూ లేకపోయినా పేరు మాత్రం తెచ్చుకున్నారన్నమాట. అలా కాకుండా వేరే ఇంకేదైనా జరిగిందేమో నాకు తెలియదు. మన ఊళ్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడుగు. ఆ నాయనమ్మ పేరు గురవమ్మట. పెళ్లయి వచ్చిందో, కరువుకు వచ్చిందో రత్తమ్మగారికీ తెలియదు. ఎవరికి ఏ చిన్న సంగతి గుర్తున్నా వదిలిపెట్టకుండా రాయి. ఈ వయసులో ఆమెకు అది తెలుసుకోవాలని ఎంత ఆరాటంగా ఉందో చూస్తే నీకే జాలేస్తుంది.

ఆ సాయంత్రం రత్తమ్మగారు నా చెయ్యి పట్టుకుని ఏట్లోకి దిగింది. తన చెలమ పక్కనే కర్ర గుచ్చి, "ఇక్కడ తవ్వుకో. ఎవురన్నా ఏమన్నా అంటే నా పేరు చెప్పు" అంది. మీ బావ తవ్వాడు. మోకాలు లోతు దాటగానే నీళ్లు ఊరాయి, తియ్యగా ఉన్నాయి. గుంటూరు మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. సీతమ్మగారు ఇంకా మూతి ముడుచుకునే ఉంది గానీ నిన్న తనే తుమ్మకంప తెచ్చి, ఎలా కప్పాలో చూపించింది. ఏడో నెలలో నన్ను తీసుకుపోవడానికి నువ్వు తప్పకుండా రావాలి. పురుడు అమ్మ చేతుల మీదుగానే జరగాలి. తర్వాత బిడ్డతో ఇక్కడికే వచ్చేస్తాను. పెద్దలందరికీ మా ఇద్దరి నమస్కారాలు చెప్పు, పిల్లలను నా బదులు ఒకసారి దగ్గరికి తీసుకో, వదినను పనితో చంపక. మమ్మల్ని చల్లగా ఉండమని అమ్మను దీవించమను.

ఇది రాస్తుంటే రత్తమ్మగారు నా పక్కనే కూర్చుని ఉంది. "మీ వోళ్లు ఇప్పుడు కూడా చెలమలు తెరిచే ఉంచుతారా పిల్లా?" అని అడిగింది. ఉంచుతారండీ అన్నాను. నేనొచ్చాక మన ఊళ్లో మంచినీళ్ల బావి పడిందని, ఇక మనవాళ్లెవరూ ఏట్లోకి దిగడమే లేదని నువ్వు రాసిన మాట ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. అన్నయ్యా, ఈ ఉత్తరం అందిన రోజే పార తీసుకుని ఏట్లోకి వెళ్లు. ఒక్క చెలమ తవ్వు. కప్పకుండా వదిలెయ్.

నీ చెల్లెలు
పీరమ్మ