మీటరులో ఇరవై రెండు కిలోమీటర్లు

గచ్చిబౌలి,
14-8-1998

రామబ్రహ్మం సార్‌కు మీ డ్రైవర్ నమస్కరించి రాస్తున్నాను.

మీరు లండన్ నుంచి తెప్పించి, పాత కార్ల ప్రదర్శన కోసం కొత్తదానిలా దాచుకున్న గోల్ఫ్ జీటీఐకి ఒక్క గీత కూడా పడలేదు. మీటరులో మాత్రం ఇరవై రెండు కిలోమీటర్లు పెరిగాయి.

మొన్న మధ్యాహ్నం వాచ్‌మన్ తిరుపతి పరుగెత్తుకొచ్చి, "అన్నా, నా భార్యకు నొప్పులు మొదలైనయ్. జర బండి తియ్యరాదే" అన్నాడు. హైటెక్ సిటీ రోడ్డు తవ్వేశారని ఆటోవాళ్లు రామన్నారట. మీ బండి ఎంత స్పీడో నాకు ఆ రోజే తెలిసింది. పాప అంతకన్నా తొందరపడి, దవాఖాన చేరకముందే పుట్టింది. ప్లాస్టిక్ కవరు తీయవద్దని మీరు చెప్పడమే మంచిదైంది, సీటుకు మరక అంటలేదు.

వెనక సీటులో ఎవరినీ కూర్చోనివ్వవద్దన్నారు. మీ మాట దాటలేదు సార్, తల్లీబిడ్డలిద్దరూ పడుకునే వెళ్లారు.