ఎల్లి రండమ్మా

బరంపురం, గురువారం రాత్రి

అద్దెకిద్దామని నేను కొన్న మొదటి ఇల్లు అచ్చిరాలేదు. ఒరిస్సా వేరు రాష్ట్రమయ్యాక తెలుగు గుమాస్తాలు మద్రాసు రాష్ట్రం వైపు వెళ్ళిపోతుంటే ఇళ్ళు చవకగా దొరుకుతున్నాయి. అలా ఇల్లమ్మి శ్రీకాకుళం వెళ్ళిన సూరమ్మగారు తాళంచెవి నా చేతిలో పెట్టి, అలవాటుగా "ఎల్లొస్తాను బాబూ" అన్నారు. నేనూ అలవాటుగానే "ఎల్లి రండమ్మా" అన్నాను. పది రోజులకే ఆవిడ పోయారని కబురొచ్చింది.

ఇవాళ అద్దెకున్నాయన తాళంచెవి తిరిగిచ్చేశాడు.

"రోజూ సందేళ ఓ ముసలమ్మ తలుపు కొడతందండి. ఏటి కావాలమ్మా అంటే, రమ్మన్నారు కదా, వచ్చీసినాను అంటంది."

సూరమ్మగారితో నేనన్న ఆ మాట ఎవరికీ చెప్పలేదు. రేపు సందేళ ఆ గుమ్మంలో నేనే కూర్చోవాలి. ఆవిడ వస్తే ఏమనాలి? రండి అనకుండా ఉత్తినే "ఎల్లండి" అనడానికి నాకు నోరు రాదు.