పోయినవాళ్ల చీటీలో ముగ్గురు

ఫాదర్ గారికి,

ఆదివారం చనిపోయినవారి ప్రార్థన చీటీలో "ముగ్గురు పిల్లలు" అని రాసింది నేనే. "ఎప్పుడు పోయారమ్మా?" అని మీరడిగితే విననట్టు బయటికి వచ్చేశాను.

వాళ్లు పోలేదు ఫాదర్. మా బాబు పుట్టడం కోసం చేయించుకున్న టెస్ట్ ట్యూబ్ వైద్యంలో మిగిలి, ఆరేళ్లుగా ఆసుపత్రి ఫ్రీజర్‌లో పిండాలుగానే ఉన్నారు. పిల్లల్లేని మా చెల్లెలు, "నాకివ్వక్కా, నేను మోస్తాను" అని కాళ్లావేళ్లా పడింది.

అలాంటి పిండాలను దత్తత తీసుకోవచ్చో లేదో మన క్యాథలిక్ తిరుసభ ఇంకా తేల్చలేదని మీరొకసారి ప్రసంగంలో అన్నారు. నేను మాత్రం మా చెల్లితో "ఫాదర్ వద్దన్నారే" అనేశాను. నా బిడ్డ నా కళ్లెదుటే దాన్ని అమ్మా అని పిలిస్తే ఓర్చుకోలేననిపించింది. అందుకే బతికున్నవాళ్లను పోయినవాళ్లలో కలిపేశాను.

ఆ చీటీ చింపేయండి. వచ్చే ఆదివారం చెల్లిని తీసుకొస్తాను. మీరు వద్దనలేదని నేను దానికి చెబుతున్నప్పుడు, దయచేసి పక్కనే ఉండండి.