గుహ ముందు ఆగిన క్రిస్మస్

జాన్సన్‌విల్,
29 డిసెంబర్ 2016

చిరంజీవి షీనాకు,

దేవుని దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. ఆక్లాండ్‌లో నువ్వూ వేళకి తింటున్నావనే నమ్మకంతో అమ్మ దీవించి రాస్తున్నది. ఫోన్ ఎత్తవు కాబట్టి ఉత్తరం. ముందే చెబుతున్నా, తిట్టడానికే రాస్తున్నాను.

నువ్వు పంపిన ఆ ఆట డబ్బా మా పండగని మింగేసింది. క్రిస్మస్ రోజు గాలికి పెరట్లో బార్బెక్యూ పొయ్యి వెలగలేదు. కుసుమ పిన్ని, వీరేశం బాబాయ్ హాల్లో కూర్చుని ఆవలిస్తుంటే మీ అన్న జెరెమీ డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించాడు. బోర్డు లేదు, పేకముక్కలు లేవు. ఐదు కాగితాలు, గుప్పెడు పాచికలు. తలా ఒక కాగితం ఇచ్చి, మీరెవరో మీరే రాసుకోండి, కథ నేను చెబుతా, అందులో ఏం చేస్తారో మీరు చెప్పండి, ఫలితం పాచికలు తేలుస్తాయి అన్నాడు.

నాకేం రాయాలో తోచకపోతే వైద్యురాలి వేషం ఇచ్చాడు. ఏడాదంతా రెస్ట్ హోమ్‌లో ముసలివాళ్లకి కట్లు కట్టి, పండగపూట ఆటలోనూ కట్లే! బాబాయ్‌కి కత్తి ఇస్తే దాని బరువెంత అని అరగంట వాదించాడు. గుహ కాపలా రాక్షసుడు ఎదురైతే పిన్ని, అయ్యో, పండగపూట అన్నం తిన్నాడో లేదో అడగరా జెరెమీ అంది. పాచిక వేస్తే ఆరు పడింది. రాక్షసుడు కూర్చుని పులావు తిన్నాడు. మీ అన్న తల పట్టుకున్నాడు.

వీళ్లంతా ఒక ఎత్తు, మీ నాన్న ఒక్కరూ ఒక ఎత్తు. మనింట్లో అందరూ వచ్చి కూర్చుంటే గానీ భోజనం ముందు ప్రార్థన మొదలుపెట్టరు కదా, ఆ పద్ధతి ఆటలోకీ తెచ్చారు. గుహలోకి అడుగు పెట్టనివ్వరు. ఇంకొకరు రావాలి, ఆగండి అంటారు. ఎవరండీ, నలుగురం ఇక్కడే ఉన్నాం కదా అంటే మళ్లీ అదే మాట. పైగా పాచికలన్నీ గుప్పిట్లో దాచేశారు. రెండు గంటలు గుహ బయటే! నేను చేసిన పవ్లోవా కేకు మీద క్రీము కరిగి కారిపోయింది.

నర్సింగ్ ఆఖరి ఏడాదిలో మానేసి నువ్వు ఆ ఆటల కంపెనీలో బొమ్మలు వేయడానికి వెళ్లిన రోజు నుంచి ఆ మనిషి నీ పేరెత్తరు. మేమెత్తితే లేచి వెళ్లిపోతారు. డబ్బా మూత మీద నువ్వు వేసిన బొమ్మ చూసైనా ఒక మాట అంటారేమోనని ఆశపడ్డాను. మూత తిరగేసి పెట్టారు. మీ ఇద్దరి మొండితనం మధ్య నలిగిపోతున్నాను. అలసిపోయాను తల్లీ.

నీ మీద అలిగిన అమ్మ,
రెబెక్కా

తా.క. దీన్ని పోస్టు చేయడం మర్చిపోయి మంచిపనే చేశాను. ఈరోజు జనవరి ఒకటి. చర్చికి బయల్దేరుతూ మీ నాన్న బైబిల్ తీస్తే, ఆ ఆటలో మిగిలిపోయిన ఐదో కాగితం జారిపడింది. ఆయన చేతిరాతే. పేరు: షీనా. బలం: నాన్న కంటే ఎక్కువ. పని అన్నచోట నర్సు అని రాయలేదు. బొమ్మలు వేస్తుంది అని రాశారు. మళ్లీ అక్కడే పెట్టేశాను, నేను చూసినట్టు ఆయనకి చెప్పకు. మిగతా ఆట ఈస్టర్‌కి ఆడిస్తాడట జెరెమీ. మేమింకా గుహ బయటే నిలబడి ఉన్నాం, రా.