అరకు ఫ్రెండ్స్ అన్‌లిమిటెడ్, చిరునామా మార్పు

14 సెప్టెంబర్ 2008, ఆదివారం

ఈ రోజు మీటింగ్‌కి అయిదుగురం వచ్చాం. ఆర్కుట్‌లో మా కమ్యూనిటీకి అరవై మూడు మంది మెంబర్లున్నారు. అందులో పదకొండు మంది బ్రెజిల్ వాళ్లు. 'కాఫీ' అన్న మాట చూసి చేరిపోయారు. మిగతావాళ్లు వైజాగ్, హైదరాబాద్. ఒకసారి రైల్లో వచ్చి గుహల ముందు ఫోటో దిగి వెళ్లిన బాపతు. ప్రతి నెలా రెండో ఆదివారం నెట్ సెంటర్‌కి మనిషిగా వచ్చేది మేం అయిదుగురమే.

సెంటర్ నడిపే సూర్యనారాయణ బాంబు పేల్చాడు. వచ్చే నెలాఖరుకి నెట్ సెంటర్ ఎత్తేస్తాడట. ఆ గదిలో ఫ్యాన్సీ షాపు పెడతాడట.

"ఏటి సేత్తాను సార్," అన్నాడు. "కరెంటుంటే లైనుండదు, లైనుంటే కరెంటుండదు. గాజులకి రెండూ అక్కర్నేదు."

కొత్త చోటు వెతికే పని నా మీద పెట్టారు. వరహాలరావుగారు ఖాళీగా ఉంటారు కదా అన్నాడు మోహన్‌కృష్ణ. అతను జూనియర్ కాలేజీలో కంప్యూటర్ చెప్తాడు. కమ్యూనిటీకి మోడరేటర్. ఆ మోడరేటర్ పదవి ఇచ్చింది నేనే. ఫౌండర్, ఓనర్ నేను. ఈ సంగతి అతనికి అప్పుడప్పుడు గుర్తుచేయాలి.

15 సెప్టెంబర్

నేను ఖాళీగా ఉంటాననడం నిజమే. అది బాధ.

మా ఆఫీసు వాళ్లంతా శుక్రవారం సాయంత్రం ఘాట్ దిగిపోతారు. సోమవారం మధ్యాహ్నానికి ఎక్కుతారు. నాకు కింద ఎవరూ లేరు. రెండేళ్ల కిందట ఒక శనివారం నెట్ సెంటర్లో కూర్చుని ఈ కమ్యూనిటీ పెట్టాను. ప్రొఫైల్లో వయసు ఇరవై తొమ్మిది అని కొట్టాను. ఎందుకు కొట్టానో తెలియదు. మొదటి మీటింగ్‌కి నలభై నాలుగేళ్ల మనిషిని వెళ్లి నిలబడితే ఫల్గుణ లేచి దండం పెట్టి, మీ అబ్బాయి రాలేదా సార్ అని అడిగాడు. నాకు పెళ్లే కాలేదు.

అయినా ఎవరూ వెళ్లిపోలేదు. అది మాత్రం రాసుకోవాలి.

21 సెప్టెంబర్, ఆదివారం

రైల్వే స్టేషన్ వెయిటింగ్ హాలు చూశాను. ఏ బండికి అని ఒకాయన అడిగాడు. ఏ బండికీ కాదన్నాను. అయితే ఎందుకు వెయిట్ చేస్తారు అన్నాడు. ఆలోచించాను. తోచలేదు. వచ్చేశాను.

మా అయిదుగురిలో రవిబాబు రిసెప్షన్లో పనిచేసే రిసార్ట్‌లో లాన్ ఉంది. అయిదు భోజనాలు ఆర్డరిస్తేనే కుర్చీలు వేస్తారట.

మాలో ఒకే ఆడమనిషి బేబి, వాళ్ల చర్చి హాలు అడిగింది. పాస్టర్‌గారు సంతోషంగా ఒప్పుకున్నారట. మొదట ఒక గంట ప్రార్థన. ఆ తర్వాత టైము మిగిలితే మా మీటింగ్.

26 సెప్టెంబర్

మా ఆఫీసు రికార్డు రూము. ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదు. ఆదివారం మనిషుండడు. పొడుగు బల్ల, ఎనిమిది కుర్చీలు, ఫ్యాను. తాళం నా దగ్గరే.

12 అక్టోబర్, ఆదివారం. సాయంత్రం

రికార్డు రూములో ట్రయల్ మీటింగ్.

మొదటి పది నిమిషాలు బాగానే జరిగింది. తర్వాత ఫ్యాను వేశాను. ఇరవై ఏళ్ల దుమ్ము లేచింది. బేబి ఏకబిగిన పద్నాలుగు తుమ్ములు తుమ్మింది. ఆమె ఏఎన్ఎం, ఊళ్లు తిరిగే నర్సు. లెక్కపెట్టుకుంటూ తుమ్ముతుంది.

ఆ తుమ్ముల చప్పుడులో బయట గడియ పడడం వినబడలేదు. వాచ్‌మన్ పైడయ్య తలుపు చేరవేసి ఉండడం చూసి తన దగ్గరున్న వేరే తాళం వేసుకుని వెళ్లిపోయాడు. రెండు గంటలు లోపలే ఉన్నాం. చివరికి ఫల్గుణ కిటికీ చువ్వ ఒకటి వంచాడు. కాఫీ నర్సరీలో పనిచేసే చేతులు. నలుగురూ దూరి వెళ్లారు. నేను సగంలో ఆగిపోయాను. అవతల ఇద్దరు లాగారు. ఇవతల నెట్టేవాళ్లు ఎవరూ లేరు. చొక్కా గుండీలు మూడు పోయాయి.

కింద పడ్డాక రవిబాబు నెమ్మదిగా అన్నాడు. డుంబ్రిగుడ దగ్గర వాళ్ల ఊళ్లో నాయనమ్మ ఇంటి వాకిలి ఉందట. తలుపు లేదట. కాబట్టి తాళం పడదట.

అందరూ నవ్వారు. అది జోకు కాదు, ప్రపోజల్ అని నాకు తర్వాత అర్థమైంది.

13 అక్టోబర్

పైడయ్యని అడిగాను. "సార్ తాలం మరిసిపోనారనుకున్నాను," అన్నాడు. పైగా మెచ్చుకోమన్నట్టు చూశాడు. వంగిన చువ్వ గురించి ఆఫీసరుగారికి కోతి అని చెప్పాం.

19 అక్టోబర్, ఆదివారం

ఆర్కుట్‌లో పోల్ పెట్టాడు మోహన్‌కృష్ణ. రికార్డు రూమా, రవిబాబు నాయనమ్మ యర్రమ్మగారి వాకిలా. మా అయిదుగురిలో వాకిలికి నాలుగు, రికార్డు రూముకి ఒకటి. ఆ ఒకటీ నాది.

బ్రెజిల్ వాళ్లు ఏడుగురు కూడా వాకిలికే వేశారు. వాళ్లకేం సంబంధం.

అక్కడ నెట్ లేదు, కుర్చీ లేదు, బస్సు లేదు. ఫల్గుణ జీపులో వెళ్లాలి. సోషల్ నెట్‌వర్క్ అని పేరు పెట్టుకుని కోళ్ల మధ్య కూర్చుంటాం. ఇవన్నీ రాసి పెట్టాను. కింద మోహన్‌కృష్ణ ఒకే లైను రాశాడు. వెన్యూ విషయంలో వరహాలరావుగారు ఇంతవరకు చేసిన సేవలకి కృతజ్ఞతలు.

రిటైరైన వాళ్లకి రాసే మాట అది. నాకు నలభై ఆరు.

25 అక్టోబర్, శనివారం. మధ్యాహ్నం 3

నెట్ సెంటర్. ఓనర్‌కి మాత్రమే కనిపించే బటన్ ఒకటి ఉంది. డిలీట్ కమ్యూనిటీ. ఖాయమేనా అని అడిగింది. ఖాయమే అన్నాను.

3.10

మళ్లీ తెచ్చే బటన్ ఎక్కడుంది.

3.40

లేదు.

27 అక్టోబర్, సోమవారం

మోహన్‌కృష్ణ ఆఫీసుకే వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. సార్, మనల్ని హ్యాక్ చేశారు అన్నాడు. ఎవరు అన్నాను. బ్రెజిల్ మీద డౌటుగా ఉందన్నాడు. పోల్ రిజల్ట్ వాళ్లకి నచ్చకపోయి ఉంటుందా అంటే, వాళ్లు గెలిచిన వైపే కదా అని అతనే కాసేపు తికమకపడ్డాడు.

చేసుండొచ్చు, ఈ రోజుల్లో ఎవర్నీ నమ్మలేం అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. ఆశ్చర్యం.

31 అక్టోబర్, శుక్రవారం

నెట్ సెంటర్ ఆఖరి రోజు. సంత రోజు కూడా. సూర్యనారాయణ ఒక పక్క కంప్యూటర్లు అట్టపెట్టెల్లో పెడుతున్నాడు, ఇంకో పక్క గాజుల పెట్టెలు విప్పుతున్నాడు. ఒక్క కంప్యూటరే మిగిలింది. దాని ముందు రవిబాబు కూర్చుని ఉన్నాడు.

కమ్యూనిటీలో అతని టాపిక్ ఒకటి ఉండేదట. 'నాయనమ్మ' అని. నేను చూశాను ఆ పేరు. ఇంటి కబుర్లనుకుని ఒక్కసారి కూడా తెరవలేదు. అందులో యర్రమ్మగారు పాడే పాటలు టైపు చేశాడట. వాళ్ల కొండ భాష, ఇంగ్లిష్ అక్షరాలు. ఏడాదిన్నర పట్టిందట. నలభై ఒక్క పాటలు. ఇంకెక్కడా రాసుకోలేదు. ఇక్కడుంటే పోవనుకున్నాడట.

"సార్, కంప్యూటర్ ఓపాలి ఆపి మల్లా ఎడితే వస్తాదేటి?" అని సూర్యనారాయణని అడిగాడు.

రాదని సూర్యనారాయణకి తెలుసు. అయినా ఆపి పెట్టాడు. నాలుగుసార్లు. నేను పక్కనే నిలబడి చూశాను.

మీ నాయనమ్మకి గుర్తుంటాయి కదా అన్నాను. ఉంటాయి సార్, ఊపిరే చాలడం లేదు, ఈ మధ్య పాడమంటే తిడుతోంది అన్నాడు.

3 నవంబర్

ఒకే ఉత్తరాన్ని మూడుసార్లు డిస్పాచ్ చేశాను.

6 నవంబర్, గురువారం

బేబి ఫీల్డుకి వెళ్తూ ఆఫీసుకొచ్చింది. ఆదివారం తొమ్మిదింటికి జీపు, బేగి తయారవ్వమని చెప్పడానికి. నేను రాలేనన్నాను. ఒంట్లో బాగాలేదన్నాను. ఆ మాట ఏఎన్ఎం దగ్గర అనకూడదు. వెంటనే సంచిలోంచి బీపీ మిషన్ తీసింది.

నూట డెబ్బై బై నూట పది.

ఎప్పట్నించి ఇలా ఉందని అడిగింది. అబద్ధం తోచక ఇరవై అయిదో తారీకు నుంచి అన్నాను. ఆమె పట్టీ విప్పుతూ ఆగింది.

"కమ్యూనిటీ పోయింది ఆ రోజే కదా సార్."

పక్క సీట్లో ఎవరూ లేరు, అదొక్కటే అదృష్టం.

"మాత్తర్లు ఇస్తాను," అంది. "కానీ చెప్పేస్తే బేగి తగ్గుతాది."

తిట్టలేదు. తిడితే బాగుండేది.

9 నవంబర్, ఆదివారం. ఇంటికొచ్చాక

ఫల్గుణ జీపులో వెళ్లాం. దారి పొడుగునా వలిసె పూసింది, కొండ వాలంతా పసుపు. మోహన్‌కృష్ణ హ్యాకింగ్ గురించి చెప్తూనే ఉన్నాడు. కాలేజీలో రెండు క్లాసులు తీసుకున్నాడట దాని మీద. బేబి నా వైపు చూడకుండా చూస్తోంది.

వాకిలి పేడతో అలికి శుభ్రంగా ఉంది. చాపలు పరిచారు. మేం అయిదుగురం అనుకుంటే అప్పటికే పాతికమంది కూర్చుని ఉన్నారు. మీటింగ్ అన్నారు కదా అని వచ్చారట. ఏ మీటింగో ఎవరూ అడగలేదు. యర్రమ్మగారు గోడకి ఆనుకుని కూర్చుంది. చిన్న మనిషి. నన్ను చూసి, ఈయనేనా కిటికీలో ఇరుక్కున్నది అని మనవణ్ణి అడిగింది.

అంబలి ఇచ్చారు. గిన్నె సగమయ్యేసరికి ఇక లాభం లేదనిపించింది. లేచి నిలబడ్డాను. కూర్చుని చెప్పాల్సిన మాట అని లేచాక తెలిసింది. హ్యాకర్లెవరూ లేరు, నేనే తీసేశాను, కోపంలో తీసేశాను అన్నాను.

మొదట మోహన్‌కృష్ణ లేచాడు. పదకొండు మంది బ్రెజిల్ వాళ్లకి పేరుపేరునా తిడుతూ మెయిల్స్ పెట్టాడట. ఇప్పుడు పదకొండు క్షమాపణలు ఎవరు రాస్తారు అన్నాడు. ఫల్గుణకి నవ్వొచ్చింది, కానీ రవిబాబు మొహం చూసి ఆపుకున్నాడు.

తర్వాత రవిబాబు లేచాడు. ఇంటి వెనక్కి వెళ్లిపోయాడు.

యర్రమ్మగారు ఏమైందని అడిగితే ఫల్గుణ వాళ్ల భాషలో చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. మధ్యలో నా వైపు రెండుసార్లు చెయ్యి చూపించాడు. ఆమె విని తెలుగులో నన్నే అడిగింది.

"కోపమొచ్చి సేసినావా?"

"అవునమ్మా."

"ఎవురి మీద?"

మోహన్‌కృష్ణ మీద అని నోటిదాకా వచ్చింది. ఆ వాకిలిని చూశాను. ఓడించింది ఈ వాకిలే. "ఎవరి మీదా కాదు," అన్నాను. "నన్ను పక్కన పెట్టారనుకున్నాను."

"మరి పక్కనెట్టినోడివైతే ఇక్కడికి జీపులో ఎలాగొచ్చినావు?"

గిన్నెలో మిగిలిన అంబలి తాగేశాను.

రవిబాబు తిరిగొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతిలో పొడుగు నోట్‌బుక్, పెన్ను. తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"మీరు రాయండి సార్. నేను మల్లా రాయలేను."

నాకు ఆ భాష రాదన్నాను. వినబడింది రాయండి, మీరు ఆఫీసులో చేసే పని అదే కదా అన్నాడు. నిజానికి అదే. ఇరవై రెండేళ్లుగా అర్థం కానివి చాలా కాపీ చేశాను.

యర్రమ్మగారు పాడనంది. ఊపిరి లేదంది. మనవడు బతిమాలలేదు, చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ఆమే గొంతు సవరించుకుంది. నాలుగు చరణాలు. మధ్యలో మూడుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా ఆడవాళ్లు అందుకున్నారు. నేను తెలుగు అక్షరాల్లో రాశాను. చదవమంది. చదివాను.

పాతికమందీ చాపల మీద పడి నవ్వారు. కోళ్లు చెదిరిపోయాయి. నేనేదో అనకూడనిది అన్నాను, ఒక ముసలాయనైతే చెవులు మూసుకున్నాడు. యర్రమ్మగారు కళ్లు తుడుచుకుని ఇంకోసారి చదవమంది.

రవిబాబు నవ్వలేదు. నేను టైపు చేసింది ఇలా లేదు నాయనమ్మా అన్నాడు. అది ఆ యేటిది, ఇది ఈ యేటిది అందామె. పోయినవి పోయినట్టే. వచ్చేవి వేరే. అతనికి ఆ మాటతో ఊరట కలిగినట్టు లేదు. నాకూ కలగలేదు.

16 నవంబర్, ఆదివారం

రెండో ఆదివారం కాదు. అయినా వెళ్లాను. ఎవరిదో జీపు వెనక నిలబడి. రెండు పాటలు.

రవిబాబు నాతో ఒకే మాట మాట్లాడాడు. "సార్, అక్కడ 'ళ' కాదు, 'ల'."

ఆ ఒక్క మాట పట్టుకుని వారమంతా గడిపేయగలను.

30 నవంబర్

ఆరు పాటలయ్యాయి. బేబి బీపీ చూసింది. నూట నలభై.

మోహన్‌కృష్ణ కాలేజీలో కూర్చుని కొత్త కమ్యూనిటీ పెట్టాడు. ఓనర్ అతనే. నన్ను చేర్చుకోవడానికి ఇద్దరి సిఫారసు కావాలన్నాడు. బేబి, ఫల్గుణ చెప్పారు. బ్రెజిల్ వాళ్లు అప్పటికే చేరిపోయారు. అందులో ఒకాయన, తిట్లలో స్పెల్లింగ్ తప్పులు దిద్ది తిరిగి పంపాడట.

14 డిసెంబర్, ఆదివారం

తొమ్మిదో పాట. ఇంతకుముందు ఎవరూ వినలేదట, యర్రమ్మగారు ఈ రోజే కట్టిందట. అందులో నా పేరు మూడుసార్లు వచ్చింది. రవిబాబు పొట్ట పట్టుకుని నవ్వాడు. అర్థం అడిగాను. బేబి కొండ వైపు చూసింది. ఫల్గుణ లేచి జీపు స్టార్ట్ చేశాడు.

వినబడింది వినబడినట్టు రాశాను.