ఈగ రెక్కలో వంపు

జూన్ 4
పిన్ని జ్యూస్ కొట్టుకి ఈ రోజు సీలు పడింది. అన్యాయం ఇది, చేసింది శానిటరీ ఇన్‌స్పెక్టర్. గ్లాసు అంచున వాలిన ఒక్క ఈగని ఫోన్లో ఫోటో తీసి, హౌస్ ఫ్లై, కొట్టులో శుభ్రం లేదు అని రాసిపారేశాడు. పదకొండున విచారణ. ఓడితే లైసెన్సు పోతుంది. పిన్ని పళ్ళు ఇంటికి మోసుకొచ్చింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది.

జూన్ 5
మున్సిపల్ ఆఫీసుకెళ్ళి ఆ ఫోటో కాపీ అడిగాను. గుమాస్తా రేపు రమ్మన్నాడు. పౌరహక్కుల కరపత్రం నాలుగో పేజీ నిలబడి చదివి వినిపించాను. ఫ్యాను కిందకొచ్చి చదవమ్మా, చెమట పట్టేస్తోంది అన్నాడు.

జూన్ 6
ఫోటో దొరికింది. గోధుమరంగు ఒళ్ళు, పొట్ట మీద పసుపు పట్టీలు. హౌస్ ఫ్లై ఏంటి, తేనెటీగ అని అక్కడే అరిచాను. తేనెటీగకి రెక్కలు నాలుగు, దీనికి రెండే, లెక్కపెట్టుకో అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆఫీసంతా నవ్వింది. తల కొట్టేసినట్టయింది.

జూన్ 7
పై వాటాలో ఉండే రిటైర్డ్ జువాలజీ మాస్టారికి చూపించాను. ముందు రెక్క చూడు, కోపం తర్వాత తెచ్చుకోవచ్చు అన్నారు. జీనస్, అంటే ఈగ ఏ రకానిదో, చెప్పేది రెక్కలోని ఈనెలేనట. ఈ ఫోటోలో రెక్క మసక. మళ్ళీ తీయాలి.

జూన్ 8
కొట్టు దగ్గర అదే రకం ఈగకి నూట నలభై ఫోటోలు. ఒక్కదానిలోనూ రెక్క పడలేదు. ఈ ఈగలకి ఉద్యమస్ఫూర్తి లేదు.

జూన్ 9, ఉదయం 6.30
పొద్దున చల్లగా ఉంటే కదలవు. దొరికింది. రెక్క మధ్యలో ఒక ఈనె ఉయ్యాలలా కిందికి దిగి మళ్ళీ పైకి లేచింది. హౌస్ ఫ్లైకి ఆ వంపు ఉండదు. మాస్టారి పుస్తకంలో బొమ్మ అచ్చం ఇదే: ఎరిస్టాలిస్. పూల తేనె తాగి బతుకుతుంది. రెండొందల కరపత్రాలు వేయించాను. ఈగ నిర్దోషి, పిన్ని నిర్దోషి, పదకొండున పదింటికి ఆఫీసు ముందు ధర్నా. సగం పంచేశాను.

జూన్ 10, మధ్యాహ్నం
పెద్ద ఈగ సంగతి సరే, దాని పిల్లలు ఎక్కడ పెరుగుతాయో చదివావా అని అడిగారు మాస్టారు. పేజీ తిప్పలేదు నేను. తిప్పితే ఉంది: కుళ్ళి నిలిచిపోయిన నీళ్ళలో.

కొట్ల వెనక కాలవ మీద బండ ఎత్తి చూశాను. పొడుగు తోకల పురుగులు, లుకలుకమని. వాటి పైన పిప్పి, తొక్కలు. మావే. పక్క నాలుగు కొట్లవీ.

పిన్నిని నిలదీశాను. ఆర్నెల్లుగా నీళ్ళు పోవట్లేదు, కాస్త అర్జీ రాసిపెట్టవే అంటే, ఉండు పిన్నీ చదువుకుంటున్నా అన్నదెవరే అంది.

ఇన్‌స్పెక్టర్ రెక్క చూడకుండా తీర్పు రాశాడు. నేను పుస్తకంలోని ఆ రెండో పేజీ దాచి గెలిస్తే ఆయనకీ నాకూ తేడా ఏంటి? మిగిలిన వంద కరపత్రాలూ తిరగేసి, వెనక చేత్తో రాస్తున్నాను. వేళ్ళు లాగేస్తున్నాయి.

జూన్ 10, సాయంత్రం
కరపత్రం వెనక రాసింది ఇదీ: రేపు ఉదయం ఆరింటికి, కొట్ల వెనక కాలవ దగ్గర. అందరూ రండి. పారలు తెచ్చుకోండి. పదింటికి విచారణలో ఈగ పేరు చెప్తాను, అది పుట్టిన చోటూ చెప్తాను.

ఇన్‌స్పెక్టర్‌కీ ఒకటి ఇచ్చొచ్చాను.